ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చిన ట్రాలీ: మలబా ఎత్తించడంలో నాలుగేళ్ల అనుభవం

హైదరాబాద్ రామంతాపూర్‌లోని మా పాత ఇంటికి 2021 నుంచి 2025 వరకు మూడుసార్లు మరమ్మతులు చేయించాను. మూడుసార్లూ మలబా, అంటే పగలగొట్టిన ఇటుకలు, సిమెంటు, టైల్స్ ముక్కలు, ఎత్తించింది ఒకే మనిషి చేత. సొంత ట్రాలీ ఆటో, ఇద్దరు కూలీలు, ఇదే ఆయన సరంజామా. పేరు రాయను. ట్రిప్పుకు ఎంత, కూలీకి ఎంత అన్నది ఎవరికి వారు బేరమాడుకునేదే కనుక ఆ లెక్కల్లోకీ వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఆయన వేగం గురించి మాత్రమే. దాన్ని రెండేళ్లపాటు వీధిలో అందరి దగ్గరా పొగిడినవాణ్ణి నేనే కాబట్టి, ఆ పొగడ్తను సరిదిద్దుకోవలసిందీ నేనే.

మొదటిసారి రెండు బాత్‌రూములు పగలగొట్టించాము. చూడటానికి చిన్న గదులే గాని, గోడల టైల్స్, వాటి వెనక అంగుళం మందాన సిమెంటు, నేల కింద గుంటలో నింపిన ఇటుక ముక్కలు అన్నీ కలిసి గేటు ముందు నడుమెత్తు గుట్ట అయింది. మా సందులో ట్రాక్టరు తిరగదు. ఉదయం ఎనిమిదింటికి ఆయన ట్రాలీ వచ్చింది; కూలీలు సిమెంటు సంచుల్లోకి పారలతో ఎత్తడం, ట్రాలీ వెళ్లడం, ఇరవై నిమిషాల్లో ఖాళీగా తిరిగి రావడం, ఇలా ఏడు ట్రిప్పులతో మధ్యాహ్నం మూడింటికల్లా పని ముగిసింది. చివర్లో సందంతా ఊడ్చి, నీళ్లు కూడా చల్లి వెళ్లారు. అంత వేగంగా, అంత శుభ్రంగా పని జరగడం చూసి, పక్కింటివారికీ ఎదురింటివారికీ ఆయన నంబరు నేనే పిలిచి ఇచ్చాను. ఆ ట్రాలీ ఎక్కడికి వెళ్లి వస్తోందని ఒక్కసారైనా అడగలేదు.

రెండోసారి, 2023లో, వంటగది మార్చాము. అటక కూడా ఖాళీ చేయిస్తున్నందువల్ల, సంచుల్లో చోటు మిగిలితే పాత కాగితాలు, పగిలిన ప్లాస్టిక్ డబ్బాలు కూడా కుక్కేయమని కూలీలకు చెప్పింది నేనే. నాలుగు ట్రిప్పులు భోజనాల వేళకు ముందే అయిపోయాయి. ఈసారి ట్రాలీ పావుగంటకే తిరిగి వస్తుంటే మనసులో ఇంకో మార్కు వేశాను.

దసరా మరునాడు తలుపు తట్టిన శబ్దమైంది. చేతిలో మట్టి కొట్టుకుపోయిన కరెంటు బిల్లుతో అరవై దాటిన పెద్దమనిషి ఒకరు నిలబడి ఉన్నారు. హనుమకొండలో ఉంటారట, మా వెనక వీధి చివర ఆయనకు నూటయాభై గజాల ఖాళీ ప్లాటు ఉందట. పండక్కి బంధువుల ఇంటికి వచ్చి, జాగా ఒకసారి చూసిపోదామని వెళ్తే, హద్దు రాళ్లలో ఒకటి మలబా గుట్ట కింద కనబడకుండా పోయింది. ఎవరో కబ్జాకు మొదలుపెట్టారనుకుని ఆయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గుట్టను కర్రతో కెలికితే చినిగిన సంచిలోంచి మా ఇంటి నంబరుతో 2016 నాటి కరెంటు బిల్లు బయటపడింది. "ఈ బిల్లు మీదేనా సార్?" అని ఆయన అడిగిన తీరులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. వెళ్లి చూస్తే మా వంటింటి గట్టు మీది నల్లరాయి ముక్కలు, మా అమ్మ ముచ్చటపడి వేయించిన ద్రాక్షగుత్తుల టైల్స్, వాటిపైన ఎవరెవరో పడేసిన కొబ్బరి చిప్పలు, చెత్త కవర్లు.

ట్రాలీ ఆయనకు ఫోన్ చేస్తే బుకాయించలేదు. "ఖాళీ జాగానే కద సార్, లెవెల్‌కు పనికొస్తదని పోసినం" అన్నాడు. పోసిన దాన్ని తిరిగి ఎత్తడానికి జేసీబీని పిలవాల్సి వచ్చింది. నాలుగు ట్రిప్పులుగా వెళ్లింది ఆరు ట్రిప్పులైంది, ఎందుకంటే కింది మట్టి, పైన పడిన ఊరి చెత్త కూడా కలిసి వచ్చాయి. డీజిలు ఆయన పెట్టుకున్నాడు, మిగతాది నేను పెట్టుకున్నాను. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలపై 2016లో కేంద్రం తెచ్చిన, అప్పట్లో అమల్లో ఉన్న నియమాల్లో, మలబాలో ఇతర చెత్త కలవకుండా చూడవలసిన బాధ్యత దాన్ని పుట్టించినవారిదేనని ఉండేది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక్కో పనికి నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇనుము-చెక్క-ప్లాస్టిక్, ఇటుక-గచ్చు అని వేరుచేసి మరీ ఇవ్వాల్సి ఉండేది. మా వంటగది ఆ లెక్కకు ఏ మూలకూ రాదు గాని, కలపకూడదన్న మాట నాకూ వర్తించేదే. కాబట్టి తప్పంతా ట్రాలీ మనిషి మీదికి నెట్టలేను.

మూడోసారి, 2025లో, మేడమీది గదినీ మెట్లనూ కూల్చినప్పుడు మళ్లీ ఆయననే పిలిచాను. సందు సంగతి తెలిసినవాడు, అడిగిన రోజుకు వస్తాడు, మనుషులతో మర్యాదగా ఉంటాడు. అయితే ఫతుల్లాగూడలోని మలబా కేంద్రానికే తీసుకెళ్లాలని, కాటా చీటీ చూపించాకే డబ్బులని ముందే మాట్లాడుకున్నాము. నగరంలో ఇలాంటి కేంద్రం మొదట 2020లో జీడిమెట్లలో మొదలైంది; ఫతుల్లాగూడది మాకు దగ్గర. రెండింటి సామర్థ్యమూ రోజుకు 500 టన్నుల చొప్పున. అక్కడ మలబాను నలగ్గొట్టి, కడిగి, ఇసుకనూ కంకరనూ వేరుచేస్తారు. పేవరు బ్లాకుల తయారీకి అవి పనికొస్తాయి. ఇనుప చువ్వలు, పాత జీఐ పైపులు, కిటికీ గ్రిల్లులు పాత ఇనుప సామాను కొనేవాడికి ముందే అమ్మేశాను. కాగితం ముక్క ఒక్కటీ సంచిలోకి పోనివ్వలేదు.

మొదటి ట్రిప్పు వెనకాలే స్కూటర్ వేసుకుని వెళ్లాను. ఉప్పల్ రింగు రోడ్డు, నాగోలు దాటి వెళ్లి రావడానికి గంటన్నర పట్టింది. ఒకే పూటలో పని ముగిసిన ఆ పాత రోజుల రహస్యం అక్కడ తెలిసింది. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచి ఇచ్చిన చీటీలో 860 కిలోలని ఉంది. మొత్తం తొమ్మిది ట్రిప్పులు రెండు రోజులు సాగాయి. ఆ రెండు రోజులూ గేటు ముందు గుట్ట, దుమ్ము, అమ్మకు దగ్గు, ఎదురింటివారి కారు బయటికి తీయలేక మాటలు. ఖర్చు కూడా, వెనకటి రేటుతో చూస్తే, దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఈసారి ఊడ్చారు గాని నీళ్లు చల్లలేదు.

మీ వీధిలో ట్రాక్టరో టిప్పరో తిరిగే వీలుంటే ఇన్ని ట్రిప్పులు అవసరం పడవు, నా అనుభవం మీకు అంతగా పనికిరాకపోవచ్చు. వెంట వెళ్లే తీరిక లేనివారికి, రెండో అంతస్తు మెట్లు దిగలేని పెద్దలు మాత్రమే ఉన్న ఇంటికి ఆయన నంబరు ఇప్పుడు నేను ఇవ్వను. నాకు మాత్రం వచ్చే ఎండాకాలం ప్రహరీ గోడ పని ఉంది. ఆయననే పిలుస్తాను, ముందురోజు స్కూటర్‌లో పెట్రోలు పోయించుకుని ఉంచుతాను.