పదిహేనేళ్ళుగా వింటున్న ఇరవై నిమిషాలు: సిబేలియస్ ఏడో సింఫనీ, యెస్ ‘క్లోజ్ టు ది ఎడ్జ్’

2010 వేసవి సెలవుల్లో మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తూ నాకు రెండు సీడీలు తెచ్చాడు. ఒకటి యెస్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం 1972లో విడుదల చేసిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆల్బమ్, వినమన్నది అందులో అదే పేరున్న పాట. రెండోది ఫిన్లాండ్ స్వరకర్త ఝాన్ సిబేలియస్ రాసిన ఏడో సింఫనీ. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచన. “చూడమ్మా, ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి విను. ఒక్కోటీ ఇరవై నిమిషాలే. మధ్యలో మాత్రం ఆపకు” అన్నాడు అన్నయ్య.

ఆపకుండా వినడం ఆ రోజు నా వల్ల కాలేదు. యెస్ పాటలో దాదాపు నాలుగు నిమిషాల దాకా మాటలే మొదలుకావు. ముందు పక్షుల కూతలు, నీళ్ళ చప్పుడు. ఉన్నట్టుండి గిటారు, బేస్, డ్రమ్స్ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. నాకు తలనొప్పి వచ్చింది. సింఫనీ అయితే ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు. రెండూ అల్మారాలో పెట్టేశాను. మళ్ళీ తీసింది ఆ ఏడు డిసెంబర్లో, పరీక్షల కోసం తెల్లవారుజామునే లేచి కూర్చునే రోజుల్లో.

అప్పటి నుంచి ఊరు మారింది, ఉద్యోగం మారింది, సీడీ ప్లేయర్ పోయి ఫోన్ వచ్చింది. ఈ రెండూ వినడం మాత్రం మానలేదు. 2025 మార్చి 8న ఇళయరాజా గారు లండన్‌లో తన సింఫనీ ‘వాలియంట్’ వినిపించినప్పటి నుంచి మా ఆఫీసులో నలుగురైదుగురు “సింఫనీలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలండీ” అని అడిగారు. నేను చెప్పే జవాబు ఇదే, ఈ జంట. ఇన్నేళ్ళు విన్నాక వీటిలో నాకు దొరికింది, నచ్చనిది, వినేటప్పుడు పడ్డ ఇబ్బందులు అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్య ఈ రెండిటినీ ఎందుకు కలిపి ఇచ్చాడో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ 1972 టూర్‌లో హోటల్ గదిలో సిబేలియస్ ఆరు, ఏడు సింఫనీలు వింటూ కూర్చున్నప్పుడు ఈ పాటకి మొదటి ఆలోచన వచ్చిందట. ఆ సంగతి చదివిన రాత్రి మళ్ళీ రెండూ విన్నాను. ట్యూన్ ఎక్కడా ఒకటి కాదు. కట్టిన తీరు మాత్రం ఒకటే. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అన్నట్టు సాగదు. చిన్న స్వరాల గుంపు ఒకటి ముందు పుడుతుంది, అది మారుతూ, పెరుగుతూ, మునిగి తేలుతూ చివరికి పూర్తి రూపంలో వస్తుంది. కృతిలో సంగతులు విని పెరిగిన మనకి ఇది కొత్త కాదు. మొదటి సంగతి సాదాగా ఉంటుంది, ఆరో సంగతికి వచ్చేసరికి అదే లైను ఎంతో ఎత్తుకి వెళ్ళిపోతుంది. అలా వినడం మొదలుపెట్టాకే నాకు సింఫనీ దారి దొరికింది.

ఏడో సింఫనీ గురించి ముందు చెబుతాను, నాకు ఎక్కువ ఇష్టమైనది అదే కాబట్టి. మామూలుగా సింఫనీ అంటే నాలుగు భాగాలు, మధ్యలో కాస్త విరామం. ఇది మొత్తం ఒకటే భాగం. 1924 మార్చి 24న స్టాక్‌హోమ్‌లో సిబేలియస్ స్వయంగా ఆర్కెస్ట్రాని నడిపిస్తూ దీన్ని మొదటిసారి వినిపించినప్పుడు దీని పేరు సింఫనీ కూడా కాదు, ‘ఫాంటాసియా సింఫోనికా’. మొదట టింపనీ అనే పెద్ద డ్రమ్ముల మీద మెల్లగా దెబ్బలు పడతాయి. తంత్రీ వాద్యాలు మెట్లు ఎక్కినట్టు ఒక్కో స్వరమే పైకి పోతాయి. ఇక ఇంటికి చేరాం అనుకునే చోట చేరవు. ఎదురుచూడని ఒక కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద, ఏదో నీడలోకి వచ్చినట్టు ఆగుతాయి. మొత్తం సింఫనీ ఆ తప్పిన మెట్టు నుంచే పుట్టినట్టు నాకనిపిస్తుంది.

అయిదో నిమిషం ఆ ప్రాంతంలో ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం వస్తుంది. దాని కోసమే చాలామంది ఈ సింఫనీ వింటారు. మిగతా ఆర్కెస్ట్రా అంతా నదిలా కదులుతుంటే పైన ఒక్క ట్రాంబోన్ నిదానంగా, తొణక్కుండా పాడుతుంది. సిబేలియస్ చిత్తుప్రతిలో ఈ స్వరాల పక్కన తన భార్య పేరు, ఐనో, రాసుకున్నాడు. వాళ్ళ ఇంటికీ ఆమె పేరే పెట్టాడు, ఐనోలా అని. ఆ స్వరాలు మూడుసార్లు వస్తాయి. రెండోసారి తుఫానులో, దిగులుగా. మూడోసారి మళ్ళీ వెలుతురులోకి. మొదటి రెండు మూడేళ్ళు నేను మొదటిసారి వచ్చేదాని కోసమే విన్నాను. ఇప్పుడు రెండోసారి వచ్చేది నాకు ముఖ్యం. నాన్న పోయిన ఏడాది అది విన్నప్పుడు ఆ తేడా తెలిసింది.

ఇక ముగింపు. మన భాషలో చెప్పాలంటే నిషాదం మీద నిలబడి షడ్జం చేరడం, అంతే. వయొలిన్లు ఆ నిషాదాన్ని పట్టుకుని, ఇక వదలవేమో అనిపించేంతసేపు ఉండి, షడ్జానికి జరుగుతాయి. అయిపోతుంది. దీని తర్వాత 1926లో ‘టాపియోలా’ రాశాక సిబేలియస్ నుంచి పెద్ద రచన ఇంకేదీ రాలేదు. 1957 దాకా బతికాడు. ఎనిమిదో సింఫనీ కాగితాలు 1940లలో ఇంట్లోనే కాల్చేశాడు. ఇది తెలిశాక ఆ చివరి షడ్జం నాకు ముందులా వినిపించలేదు.

ఏ రికార్డింగ్ కొనాలని అడిగితే, ముందు పావో బెర్గ్‌లుండ్ హెల్సింకి ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాని నడిపిస్తూ చేసింది. ఆయన సిబేలియస్ సింఫనీలన్నీ మూడుసార్లు రికార్డు చేశాడు, నేను ఎక్కువగా విన్నది ఈ హెల్సింకి సెట్టే. ఎక్కడా తొందరపడడు, ఎక్కడా సాగదీయడు. బాగా అలవాటయ్యాక యెవ్గెనీ మ్రావిన్‌స్కీ లెనిన్‌గ్రాడ్ ఆర్కెస్ట్రాతో 1965లో మాస్కోలో చేసిన కచేరీ రికార్డింగ్ వినండి. ఆ ఇత్తడి వాద్యాల పదును ఇంకెక్కడా లేదు. మొదటిసారి వినేవాళ్ళకి మాత్రం అది ఇవ్వను, భయపడతారు.

వినడంలో అసలు ఇబ్బంది ఫ్యాను. మొదటి రెండు నిమిషాలు చాలా మెల్లగా ఉంటాయి. మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే అవి వినపడవు. వాల్యూమ్ పెంచితే ట్రాంబోన్ దగ్గర చెవులు అదిరిపోతాయి. మే నెల విజయవాడలో ఫ్యాను ఆపి ఇరవై నిమిషాలు కూర్చోవడం ఎవరి వల్లా కాదు. అందుకే ఈ సింఫనీ నాకు చలికాలం, తెల్లవారుజాము. తప్పకపోతే చెవుల మీద పూర్తిగా మూసుకునే హెడ్‌ఫోన్స్. బస్సులో, బండి మీద దీన్ని వినకండి, దాని మీద ఇష్టం పోతుంది.

‘క్లోజ్ టు ది ఎడ్జ్’ని బస్సులో కూడా వినొచ్చు. ఆల్బమ్‌లో మొత్తం మూడే పాటలు. ఆల్బమ్ పేరే ఉన్న మొదటి పాట పద్దెనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది, రికార్డులో ఒక వైపంతా అదే. లాంగ్‌ప్లే రికార్డు 1948లో వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. డెబ్బైల్లో రాక్ బృందాలు ఒక వైపంతా ఒకే పాట చేయాలని అంత ఉబలాటపడటానికి ఆ కొలతే కారణం. దాదాపు ఒక వైపంతా నిండే జెనెసిస్ బృందం పాట ‘సప్పర్స్ రెడీ’ కూడా ఆ 1972లోదే. అంతకు ముందు నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులకి వైపుకి నాలుగు నిమిషాలే. సెర్జ్ కూసెవిట్‌స్కీ 1933లో లండన్‌లో నడిపిన ఏడో సింఫనీని ఆ కాలం వాళ్ళు నాలుగేసి నిమిషాలకి ఒకసారి లేచి రికార్డు తిప్పుకుంటూ విన్నారు. అదే సంగీతం మనం ఒక్క వేలు నొక్కి వింటున్నాం.

యెస్ పాటలో నన్ను పట్టేసింది మధ్య భాగం. అంత హడావుడీ ఒక్కసారిగా తగ్గిపోయి, కీబోర్డు మీద పొగమంచు లాంటి స్వరాలు, దాని మీద ఆండర్సన్ గొంతు, వెనక బేస్ వాయించే క్రిస్ స్క్వైర్, గిటారు వాయించే స్టీవ్ హౌ గొంతులు. కాసేపటికి చర్చి ఆర్గన్ లేస్తుంది. అది స్టూడియోలోది కాదు. యెస్ కీబోర్డు కళాకారుడు రిక్ వేక్‌మన్ లండన్ క్రిపుల్‌గేట్‌లోని సెయింట్ గైల్స్ చర్చిలో ఉన్న నిజమైన పైప్ ఆర్గన్ (గొట్టాల్లోంచి గాలి పోయి మోగే వాద్యం) మీద వాయించాడు. ఆ గాలి, ఆ గోడల ప్రతిధ్వని వినిపిస్తాయి. మంచి స్పీకర్ల మీద మొదటిసారి విన్నప్పుడు గదిలో కింద నేల కదిలినట్టుంది.

బేస్ గిటారు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన సినిమా పాటల్లో బేస్ ఎక్కువగా వెనకే ఉంటుంది. ఇక్కడ స్క్వైర్ బేస్ ముందుకొచ్చి గిటారుతో వాదానికి దిగుతుంది. ఒక్కసారి పాటంతా బేస్ మాత్రమే పట్టుకుని వినండి, వేరే పాట విన్నట్టుంటుంది. బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్ కూడా అంతే. ఈ రికార్డింగ్ అవగానే ఆయన యెస్ వదిలి కింగ్ క్రిమ్సన్ బృందంలోకి వెళ్ళిపోయాడు. అంత మంచి ఆల్బమ్ చేసి ఎలా వెళ్ళాడా అని నాకు ఇప్పటికీ బాధే.

నచ్చనివీ ఉన్నాయి. పాట మాటలు హెర్మన్ హెస్సే నవల ‘సిద్ధార్థ’ ప్రభావంతో రాశారంటారు, నది కనిపిస్తుంది కూడా. కానీ చాలా లైన్లకి నేను పదిహేనేళ్ళలో అర్థం చెప్పుకోలేకపోయాను. అర్థం కన్నా శబ్దం కోసం కూర్చిన మాటలని ఒప్పుకున్నాక హాయిగా ఉంది. సాహిత్యం ముఖ్యం అనుకునేవాళ్ళకి ఇది అడ్డే. మూడో పాట ‘సైబీరియన్ ఖాత్రు’ నాకు ఎక్కలేదు, సగంసార్లు దాటేస్తాను. రెండోది ‘అండ్ యూ అండ్ ఐ’ మాత్రం దాటకండి.

ఏ రూపంలో కొనాలి? 2013లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ పాత టేపుల నుంచి కొత్తగా మిక్స్ చేసినది నాకు అన్నిటికన్నా స్పష్టంగా ఉంది. రికార్డు కోసం ఆశపడి ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఏప్రిల్ ఎండలో వచ్చేసరికి వంగిపోయింది. అమ్మినవాళ్ళు మార్చి ఇవ్వలేదు, డబ్బూ తిరిగి రాలేదు. మన దగ్గర రికార్డులు తెప్పించుకునేవాళ్ళు నవంబర్, ఫిబ్రవరి మధ్యలో తెప్పించుకోండి.

ఫోన్ యాప్‌లతో వేరే సమస్య. కొన్ని ఆల్బమ్‌లలో ఏడో సింఫనీని మూడు నాలుగు ట్రాకులుగా కోసి పెడతారు. సెట్టింగ్స్‌లో ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా చేసే ‘గ్యాప్‌లెస్’ ఆన్ చేయకపోతే ప్రతి కోత దగ్గరా చిన్న నిశ్శబ్దం వస్తుంది. నేను వాడిన ఒక ఉచిత యాప్ ట్రాంబోన్‌కి కాస్త ముందు సరిగ్గా ఆ కోతలో ప్రకటన వేసింది. ఆ రోజే డబ్బు కట్టి వేరేది తీసుకున్నాను. షఫుల్ ఆఫ్ చేసి ఉందో లేదో కూడా చూసుకోండి.

అమ్మ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. అమ్మ పదేళ్ళు వీణ నేర్చుకుంది. నేను పెట్టేవన్నీ వంటింట్లో నుంచి వింటుంది. ఒకసారి పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్‌లోని ‘మనీ’ పెడితే, కూర తరుగుతూనే తొడ మీద వేళ్ళు వేసి, “ఇది మిశ్ర చాపే కదే” అంది. నిజంగా ఏడు దెబ్బలే. గిటారు సోలో దగ్గర నాలుగులోకి మారగానే “అదిగో, వదిలేశాడు” అంది. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ రెండో భాగం అయిదు దెబ్బల నడక, రెండూ మూడుగా. అది ఖండ చాపు అని నేను చెప్పకముందే చెప్పింది. పాశ్చాత్యులు ఇలాంటి లెక్కలని కష్టం అనుకుంటారని చదివి నేను భయపడ్డాను. మన చెవులు చిన్నప్పటి నుంచీ వాటిలోనే ఉన్నాయి, భయపడాల్సిన పనే లేదు.

ఆండర్సన్ విన్న రెండో సింఫనీ, సిబేలియస్ ఆరోది, నేను ఇన్నాళ్ళూ పక్కన పెట్టాను. ఏడోది ఇచ్చిన తృప్తిలో దాని జోలికి పోలేదు. ఈ జనవరి నుంచి వింటున్నాను. వయొలిన్లు పైన ఎక్కడో, ఎవరినీ నిద్ర లేపకూడదన్నట్టు మొదలుపెడతాయి. యూరప్ వాళ్ళు డోరియన్ అనే పాత స్వరక్రమం అది. మొన్న ఆదివారం పొద్దున్న పెడితే అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. “ఖరహరప్రియ స్వరాలే ఇవి. గమకం లేదు, అంతే” అంది. మొదటి భాగం అయ్యాక నేను ఆపాను. అమ్మ వంటింట్లోకి వెళ్తూ మెల్లగా అదే రాగంలోని ‘చక్కని రాజమార్గము’ అందుకుంది.