ఎర్రగడ్డ రైతు బజార్: అప్పు తీరినా మాననిది

పర్సనల్ లోన్ ఆఖరి ఈఎంఐ మార్చిలో కట్టేశాను. ఆ మూడేళ్లూ ఇల్లు గడిచిందంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ రైతు బజార్ పుణ్యమే, అప్పు తీరిందని ఇప్పుడు మానేస్తానా! 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి పద్ధతే, రైతులు నేరుగా అమ్ముతారు, ఆ రోజు ధరలు బోర్డు మీద ఉంటాయి కాబట్టి బేరాల టెన్షన్ లేదు. మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు.

పొద్దున్నే వెళ్తే గోంగూర కట్టల మీద తడి ఇంకా ఆరదు, వేర్లకు మట్టి అంటుకునే ఉంటుంది. నేను ఎప్పుడూ కొనే అవ్వ అయితే "ఎర్ర కాడది తీస్కపో బిడ్డా, పచ్చడికి పుల్లగ మంచిగుంటది" అని తనే ఏరి ఇస్తుంది. ఆ ఆకు రాత్రంతా గుడ్డ మీద ఆరబెట్టాలి, తడి ఉంటే పచ్చడి బూజు పడుతుంది.

వారానికోసారి గోంగూర, టమాటా పచ్చళ్లు చేసి మా అపార్ట్‌మెంట్‌లోనే అమ్ముతున్నాను. నూనె, కారం, డబ్బాల ఖర్చు పోను వారానికి 600 దాకా మిగులుతోంది, నెల కాగానే అది పోస్టాఫీసు ఆర్‌డీలోకి (నెలనెలా కట్టే పొదుపు ఖాతా) వెళ్తుంది. ఆదివారం రద్దీ ఎక్కువ, వీలైతే మామూలు రోజుల్లో వెళ్లండి, గుడ్డ సంచీ, చిల్లర తీసుకెళ్లండి.