మునగాకు పెసరట్టు కోసం ఇంటర్ పిల్లలు వరుస కట్టే హోటలు

ఇంట్లో వద్దని పక్కన పెట్టే మునగాకును, రాగిజావను అదే పిల్లలు డబ్బులిచ్చి కొనుక్కుని తినే చోటు ఒకటి అమలాపురంలో ఉంది. జూనియర్ కళాశాలలకు వెళ్ళే దారిలో భార్యాభర్తలిద్దరే నడుపుతున్న చిన్న టిఫిన్ హోటలు అది. మా అమ్మాయి, ఆమె స్నేహితురాళ్ళు కొంతకాలంగా ఉదయం అక్కడే తింటున్నందువల్ల నేనూ తరచుగా వెళ్ళి, అక్కడి వంటను, వడ్డించే తీరును శ్రద్ధగా గమనించాను. ఈడొచ్చిన పిల్లలకు మంచి తిండి మీద ఇష్టం కలిగించాలనుకునే తల్లిదండ్రులు ఒకసారి తప్పక చూడవలసిన హోటలని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది పెసరట్టు. పొట్టు తీయని పెసలను నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి, పెనం మీద పలుచగా పరిచాక లేత మునగాకును పైన చల్లి గరిటెతో అదుముతారు. ముదురాకు ఒక్కటి కూడా కలవనివ్వరు కాబట్టి చేదు తగలదు, ఆకు అట్టుతో పాటే కరకరలాడుతుంది. ఇంట్లో మనం ఆకును పిండిలో కలిపేసి పిల్లల కళ్ళు కప్పాలని చూస్తాం. ఇక్కడ పచ్చగా పైకే కనిపిస్తుంది, అయినా పిల్లలు "పిన్నిగారూ, నాకు ఆకు ఇంకొంచెం వేయండి" అని అడిగి మరీ వేయించుకుంటున్నారు. పళ్ళెంలో నాలుగు జామకాయ ముక్కలు, ఒక నిమ్మబద్ద కూడా వస్తాయి. ఇది అలంకారానికి పెట్టింది కాదు. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిను తోడు కావాలి. తిండితో పాటే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. అందుకే కాబోలు, ఉదయం పూట ఇక్కడ టీ అమ్మరు. జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాల ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఈ లెక్కలు తెలిసిన తల్లిగా నాకు ఆ జామకాయ ముక్కలు ఎంతో విలువైనవిగా అనిపించాయి.

పొట్టిక్కలు మన అంబాజీపేట వైపు పేరుపడ్డ పద్ధతిలోనే చేస్తున్నారు. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టలుగా కుట్టి, మినప్పిండి, రవ్వ కలిపిన పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడిగా ఉన్నప్పుడే ఆకు విప్పితే దాని ఈనెల గీతలు పొట్టిక్క మీద అచ్చుపడి కనిపిస్తాయి, ఆకు వాసన కమ్మగా తగులుతుంది. కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడితో రెండు పొట్టిక్కలు 40 రూపాయలు. పచ్చడిలో మాత్రం ఉప్పు బాగా ఎక్కువ. ఆరోగ్యం కోరి తినే చోట ఇది తప్పకుండా సరిచేసుకోవలసిన లోపం.

రాగిజావ రెండు రకాలుగా ఇస్తారు. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసినది చక్కగా ఉంది. బెల్లం జావ నా రుచికి మరీ తీపి. ఆ మాటే హోటలు నడిపే ఆవిడతో అంటే, "ఒక్కసారే తగ్గిస్తే పిల్లలు మానేస్తారండి, నెలకి కాస్త చొప్పున తగ్గించుకొస్తున్నానండి" అన్నారు. ఆలోచన సరైనదే, నాలుక అలవాటు మెల్లగానే మారుతుంది. అయినా ఇప్పుడున్న తీపి ఇంకా తగ్గవలసిందే.

ఈ హోటలు నాకు ఇంతగా నచ్చడానికి అసలు కారణం ఇక్కడ ఎవరూ పిల్లలకు ఆరోగ్యం గురించి పాఠం చెప్పకపోవడం. గోడ మీద విటమిన్ల పట్టిక లేదు, "ఇది ఒంటికి మంచిది, తిను" అన్న మాట వినబడదు. కొత్త వంటకం చేసిన రోజు అందరికీ చిన్న ముక్క రుచి చూపిస్తారు; వద్దన్న పిల్లవాణ్ణి బలవంతపెట్టరు, వారం తరువాత మళ్ళీ అడుగుతారు. అరటిదూటతో చేసిన వడను మొదట ముట్టుకోని మా అమ్మాయి ఇప్పుడు ఇంట్లో కూడా చేయమంటోంది. ఎంచుకునే అవకాశం తమ చేతిలో ఉందని తెలిసిన పిల్లలు మొండికేయరని నాకు ఇక్కడే అర్థమైంది. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కూడా పెట్టలేదు, కొబ్బరి బోండాలే ఉంచుతారు. చుట్టూ కొబ్బరితోటలున్న సీమలో పెరుగుతున్న పిల్లలు వంద మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర ఉండే కూల్‌డ్రింకు సీసాలకు అలవాటు పడుతుంటే బాధపడే నాకు ఈ ఒక్క ఏర్పాటే ఎంతో ఊరటనిచ్చింది.

కూర్చునే చోటు చాలా తక్కువ, వాన రోజుల్లో నిలబడి తినడం ఇబ్బందే. ఉదయం ఆరున్నరకు తెరుస్తారు, పొట్టిక్కలు ఎనిమిదిన్నరకల్లా అయిపోతాయి. సంక్రాంతి రోజుల్లో తేగలు కూడా దొరుకుతాయి, అయితే ముందురోజే చెప్పి ఉంచాలి.