ఆరేళ్లు, రెండు రకాల కనుబొమ్మలు: మైక్రోబ్లేడింగ్, పౌడర్ బ్రోస్ రెండూ చేయించుకున్నాక

నా కనుబొమ్మల చివరలు రాలిపోవడం 2017లో మొదలైంది. థ్రెడింగ్ ఎక్కువైందేమో అనుకున్నాను. హన్మకొండలో మేము చూపించుకునే డాక్టరమ్మ నా మొహం చూడగానే రక్తపరీక్ష రాసింది. థైరాయిడ్ మందగించిందని తేలింది. అలాంటప్పుడు బొమ్మల బయటివైపు మూడో వంతు పలచబడుతుందని ఆమే చెప్పింది. మాత్రలతో తల జుట్టు నిలబడింది గానీ బొమ్మల తోకలు తిరిగి రాలేదు. రెండేళ్లు రోజూ బడికి పోయే ముందు పెన్సిల్‌తో గీసుకున్నాను. కాజీపేట నుంచి ధర్మసాగర్ వైపు స్కూటీ మీద వెళ్లేసరికి చెమటకు ఒక తోక చెరిగిపోయేది. మీ బొమ్మలు కూడా ఉన్నట్టుండి పలచబడుతుంటే పార్లర్ కంటే ముందు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. మిగతా విషయాలన్నీ ఆ తర్వాతే.

2019 సెప్టెంబర్‌లో హైదరాబాద్ వెళ్లి మైక్రోబ్లేడింగ్ చేయించుకున్నాను. రెండు సిట్టింగులకు 18 వేలు. పేరులో బ్లేడ్ ఉంది గానీ, అది సన్నని సూదులను వరుసగా పేర్చిన చిన్న పరికరం. మిషన్ ఉండదు. చేత్తోనే వెంట్రుకల్లాంటి గీతలు గీసి, ఆ గాట్లలోకి రంగు దింపుతారు. మత్తు క్రీము అరగంట ఉంచారు కాబట్టి నొప్పి పెద్దగా తెలియలేదు. కానీ కొత్త గుడ్డను మెల్లగా చింపుతున్నట్టు ఒక చప్పుడు చెవి పక్కనే వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడుకే నాకు ఎక్కువ టెన్షన్ వచ్చింది.

ఐదో రోజుకు బొమ్మలు నల్లగా బిగుసుకుపోయాయి. ఏడో రోజు నుంచి పక్కు రాలడం మొదలైంది. పొద్దున లేస్తే దిండు గలీబు మీద గోధుమరంగు పొట్టు కనిపించేది. దురద పెడుతుంది, గోకకూడదు. గోకి పీకితే అక్కడ రంగు కూడా ఊడి వస్తుంది. మూడో వారంలో సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ రోజు అద్దంలో చూసుకుంటే పెట్టించిన రంగు సగం మాయమైంది! డబ్బులు పోయాయనుకుని ఏడ్చినంత పని చేశాను. నిజానికి ఆ దశ చాలామందికి వస్తుంది. పైన కొత్త చర్మం తెల్లగా, మందంగా ఉండి రంగును కప్పేస్తుంది. నాలుగో వారం నుంచి అదే మళ్లీ తేలుతుంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే పండగ రోజు అంత బాధపడేదాన్ని కాదు. అందుకే పెళ్లికో, పండగకో చేయించుకునేవాళ్లు కనీసం మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చేసే టచప్, అంటే రంగు తగ్గిన చోట మళ్లీ దిద్దడం కూడా ఆ లెక్కలో పడిపోతుంది.

టచప్ అయ్యాక ఏడెనిమిది నెలలు అద్భుతంగా ఉన్నాయి. జానెడు దూరం నుంచి చూసినా వెంట్రుకలే అనిపించేవి. ఆ తర్వాత గీతలు ఉబ్బాయి, పక్క గీతల్లో కలిశాయి. ఏడాది దాటేసరికి గీతలనేవే లేవు, లేత మరక మిగిలింది. నాది జిడ్డు చర్మం. మధ్యాహ్నానికి నుదురు మెరుస్తుంది. జిడ్డు చర్మం మీద సన్నని గీత అలాగే నిలవదు, చుట్టూ పాకి మసకబారుతుంది. రెండో ఏటికి ఆ మరక ఇటుకరంగులోకి తిరిగింది. గోధుమరంగును ఎక్కువగా నలుపు, పసుపు, ఎరుపు ఐరన్ ఆక్సైడ్లు కలిపి తయారుచేస్తారు. అవన్నీ ఒకే వేగంతో వెలవవు. నా మొహం మీద చివరికి ఎరుపే మిగిలింది.

నన్ను బాధపెట్టింది ఆ రంగు కాదు. చేసినవాళ్లు నా చర్మం ఎలాంటిదని ఒక్క మాట కూడా అడగలేదు. తర్వాత ఫోన్ చేస్తే "రండి మేడమ్, దాని మీదే కొత్తగా గీసేద్దాం" అన్నారు. ఎరుపు మీద గీతలు వేస్తే అవి కనిపించవు, రంగు మాత్రం ఇంకా చిక్కబడుతుంది. నేను వెళ్లలేదు.

మైక్రోబ్లేడింగే చెడ్డదని నేను అనడం లేదు. కరీంనగర్‌లో ఉండే మా వదినెది పొడి చర్మం. ఆమె బొమ్మల మీద అవే గీతలు రెండేళ్లు దారపు పోగుల్లా విడివిడిగా ఉన్నాయి. మా ఇద్దరికీ తేడా చర్మంలోనే ఉంది. ఫోన్‌లో ఏ ఫొటో చూపించినా ముందు అది ఎలాంటి చర్మమని, చేయించుకుని ఎన్ని నెలలైందని అడగండి. చేసిన రోజు తీసిన ఫొటోలో అందరివీ బాగానే ఉంటాయి.

లేజర్‌తో తీయించుకుందామని ఒక చర్మ వైద్యుడిని అడిగాను. ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న రంగులు లేజర్ తగిలితే ఒక్కోసారి నల్లబడతాయని, ముందు చిన్న చుక్క మీద పరీక్షించాలని ఆయన చెప్పారు. దాంతో ఆగాను. ఆ రంగు దానంతట అదే సగం వెలిసిపోయింది.

2022 నవంబర్‌లో హన్మకొండలోనే పౌడర్ బ్రోస్ చేయించుకున్నాను, 15 వేలు. ఇది మిషన్‌తో చేస్తారు. సూది చుక్కలు చుక్కలుగా రంగు పెడుతూ పోతుంది. ముక్కు వైపు పలచగా, తోక వైపు చిక్కగా. పూర్తయ్యాక పెన్సిల్‌తో దిద్దినట్టు ఉంటుంది, వెంట్రుకల్లా ఉండదు. గీతలే కావాలనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. ఈ అమ్మాయి మొదట అడిగింది నా చర్మం గురించి, వాడే మాత్రల గురించి. పాత ఎరుపును అణచడానికి రంగులో కొంచెం ఆలివ్ ఛాయ కలిపింది. సిరా పూసిన దారంతో కొలతలు వేసి, కనుబొమ్మ ఆకారం గీయడానికే నలభై నిమిషాలు తీసుకుంది. నన్ను కూర్చోబెట్టే గీసింది, ఎందుకంటే పడుకుంటే మొహం తీరు మారుతుంది. సూది పెట్టకముందే అద్దం తీసుకుని నచ్చని చోట చెప్పేయాలి. తర్వాత మొహమాటపడితే రెండేళ్లు మోయాలి.

మొదటి వారం బాగా నల్లగా ఉంటుంది. అమ్మ తలుపు తీయగానే "ఏందే బిడ్డా, గింత నల్లగ పెట్టుకున్నవ్? కాటిక పూసినట్టున్నది" అంది. బడిలో నాలుగో తరగతి పాప "టీచర్, కోపం మీదున్నరా?" అని అడిగింది. పది రోజులకు రంగు సగానికి తగ్గింది. మూడేళ్లు కావస్తోంది, మధ్యలో ఒక్కసారే టచప్ చేయించుకున్నాను, 5 వేలు. అంచులు కొంచెం మెత్తబడ్డాయి గానీ ఆకారం చెదరలేదు, ఎరుపు తేలలేదు. నా చర్మానికి, మన ఎండలకు ఇదే సరైనదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఇక కాపాడుకోవడం. మన దగ్గర మొదటి శత్రువు ఎండే. మే నెలలో స్కూటీ మీద తిరిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పక్కు పూర్తిగా పోయాక బొమ్మల మీద కూడా ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తాను, పైన చున్నీ కట్టుకుంటాను. రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ ఉన్న క్రీములు బొమ్మల దాకా రానివ్వను. అవి పై చర్మాన్ని త్వరగా మార్చేస్తాయి, రంగు కూడా తొందరగా పోతుంది. ఫేషియల్‌కు వెళ్తే బ్లీచ్ అక్కడ పెట్టొద్దని ముందే చెప్తాను. మొదటి పది రోజులు తలంటు పెట్టుకోను. కొబ్బరినూనె, షాంపూ నురగ నుదుటి మీదుగా జారి నేరుగా అక్కడికే వస్తాయి. ఆ రోజుల్లో మొహానికి పసుపు కూడా వద్దు, పుండు మానే చోట ఏ పొడీ పడకూడదు.

2024 మొదట్లో టచప్ సమయం వచ్చింది. ఫిబ్రవరి 21 నుంచి మేడారం జాతర. జంపన్న వాగులో స్నానం, ఆ దుమ్ము, పసుపు, బెల్లం, జనం. పచ్చి పుండుతో అక్కడికి వెళ్లకూడదని టచప్‌ను మార్చికి జరిపాను. దేవుడి పని ముందు, బొమ్మల పని తర్వాత పెట్టుకుంటే రెండూ బాగుంటాయి.

ఇవి కాక ఇంకో రెండు రకాలున్నాయి. కాంబో అంటే ముందు భాగంలో గీతలు, తోకలో పౌడర్. మా తోటి టీచర్‌కు బాగా కుదిరింది. నానో బ్రోస్ అంటే గీతలనే చేత్తో కాకుండా మిషన్ సూదితో వేయడం. ఈ రెండూ నేను చేయించుకోలేదు. పాతకాలపు పూర్తి టాటూ జోలికి మాత్రం పోకండి. మా పెద్దమ్మ ఎప్పుడో చేయించుకుంది, ఇప్పుడవి నీలంగా ఉన్నాయి. నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు చూశారుగా, నల్లటి మసి చర్మం లోతుకు దిగితే బయటికి నీలంగా, పచ్చగానే కనబడుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పుండు మానిన చోట ఉబ్బు మచ్చలు వచ్చేవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వేసుకుంటున్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వెళ్లొద్దు. షుగర్ ఉన్నవాళ్లు ముందు దాన్ని అదుపులో పెట్టుకోండి. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి, చెవి వెనక రంగు పరీక్ష ముందే చేయాలి. చేయించుకున్నాక ఏడాది వరకు రక్తదానం కుదరదు. ఎంఆర్ఐకి వెళ్తే బొమ్మల సంగతి అక్కడి సిబ్బందికి చెప్పండి.

ఇప్పటికి మొత్తం 38 వేలు ఖర్చు పెట్టాను. అందులో 18 వేలు నా చర్మం గురించి తెలియక పోయినవే. 2026 జనవరి చివరి మేడారం జాతర అయ్యాకే తర్వాతి టచప్ అని పెట్టుకున్నాను. ఎడమ తోక కుడిదాని కంటే వెంట్రుకవాసి పైకి ఉంది. ఈసారి దారం పట్టినప్పుడే ఆ అమ్మాయికి చూపించి, కొంచెం కిందికి దించమంటాను.