అంబాసిడర్‌కి లోపలికి దించిన హెడ్‌లైట్లు: బాలానగర్ షెడ్డు పని ఎలా ఉందంటే

మా 77 మోడల్ అంబాసిడర్ మార్క్ 3కి హెడ్‌లైట్లు ఫెండర్ (ముందు చక్రం మీద ఉండే రేకు) లోపలికి దించి పెట్టించా, బాలానగర్ వైపు ఒక చిన్న టింకరింగ్ షెడ్డులో. ఫొటోలు చూసిన వాళ్ళంతా ఎక్కడ చేయించావు ఎంతయింది అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. లుక్ గురించి పెద్దగా చెప్పను, షీట్ గుండ్రంగా చుట్టి వెల్డింగ్ కొట్టి పుట్టీ పెట్టి పెయింట్ వేస్తే లుక్ ఎవరికైనా వస్తుంది. రాత్రిపూట సూర్యాపేట దాటాక బల్బ్ పోతే రోడ్డు పక్కన ఆపి స్క్రూడ్రైవర్‌తో మనమే మార్చుకోగలమా లేదా, నేను చూసింది అదొక్కటే.

ఈ స్టైల్‌కి పేరు తెచ్చింది 1940లు, 50ల్లో కాలిఫోర్నియా కస్టమ్ కార్ల వాళ్ళు, 49 నుంచి 51 మోడల్ మెర్క్యురీ కార్లు చూస్తే అర్థమవుతుంది. వాళ్ళలో చాలామంది లైట్ చుట్టూ ఉండే రిమ్‌ని ఫెండర్‌కే వెల్డ్ చేసి నున్నగా కలిపేసేవాళ్ళు, ఇక ఆ లైట్ తియ్యాలంటే ఫెండర్ లోపలి నుంచి, బురద పేరుకునే చోట చెయ్యి పెట్టాల్సిందే. నేను ముందు అడిగిన ఇంకో వర్క్‌షాప్‌లో కూడా అలాగే చేస్తామన్నారు, బల్బ్ పోతే ఎలాగండీ అంటే ఎల్ఈడీ పెట్టుకోండి సార్ జన్మలో పోదు అన్నారు. ఎల్ఈడీ కూడా పోతుంది, పైగా దాని వేడంతా వెనక హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు ముక్క) లోంచి బయటికి పోవాలి, గాలి ఆడని బౌల్‌లో (లైట్ వెనక ఉండే రేకు గిన్నెలో) బిగిస్తే ఇంకా తొందరగా పోతుంది. అందుకే అక్కడ చేయించలేదు.

బాలానగర్ మేస్త్రీ మొదటి మాటే నాకు నచ్చింది. "7 ఇంచుల లైటని 7 ఇంచుల గొట్టం చేస్తే లోపలికి పోతది సార్, మళ్ళ బయటికి రాదు" అన్నాడు. గొట్టం లోపలి కొలత లైట్ చుట్టూ ఉన్న రింగ్ కంటే, ఆ రింగ్ స్క్రూల కంటే కూడా ఎక్కువ పెట్టాడు. గొట్టం ఒక్కటే ఫెండర్‌కి వెల్డింగ్, లైట్ బౌల్ మాత్రం వెల్డ్ చెయ్యలేదు, గొట్టం చివర ఒక ప్లేట్ పెట్టి దానికి రివెట్ నట్లు (రేకులోనే బిగుసుకుని ఉండిపోయే నట్లు) కొట్టి స్క్రూలతో బిగించాడు. ముందు నుంచే మూడు స్క్రూలు విప్పితే బౌల్, లైట్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది, వెనక వైరు కాస్త పొడుగ్గా వదిలాడు కాబట్టి బయటికి లాగి మూడు పిన్నుల హోల్డర్ ఊడదీసి హెచ్4 బల్బ్ (హై బీమ్, డిప్ రెండూ ఒకదాంట్లోనే ఉండేది) మార్చుకోవచ్చు. ఇంకోటి, పైన ఉండే ట్రిమ్ రింగ్‌కి రెండు చోట్ల చిన్న గాట్లు పెట్టాడు, బీమ్ పైకీ కిందకీ పక్కకీ తిప్పే స్క్రూలకి ఎదురుగా, పొడుగు స్క్రూడ్రైవర్ అందులోంచి దూరిస్తే ఏదీ విప్పకుండానే సెట్టింగ్ అయిపోతుంది. అంత ఆలోచించి చేసిన పని నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు.

లోతు ఒకటిన్నర ఇంచు దగ్గర ఆపమన్నాడు. నాకు ఇంకా లోపలికి కావాలని ఉండింది కానీ పాత టైపు లైట్‌లో అద్దం మొత్తంలోంచి వెలుగు బయటికొస్తుంది, గొట్టం లోతు పెరిగేకొద్దీ పక్కలకి పడే వెలుగు కోసుకుపోతుంది, రోడ్డు అంచున నడిచే మనిషి కనపడడు. అంచు కూడా కాస్త బయటికి విచ్చుకున్నట్టు వంచాడు.

వైరింగ్ కూడా ఇక్కడే చేయించండి. పాత అంబాసిడర్లలో లైట్ కరెంట్ అంతా డాష్‌బోర్డ్ స్విచ్ మీదుగా తిరిగి వస్తుంది, దార్లోనే వోల్టేజ్ పడిపోతుంది. బల్బ్ దగ్గర వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ వేసి రిలేలు (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్‌లు) పెట్టించాక మామూలు 60/55 వాట్ల (హై బీమ్‌కి 60, డిప్‌కి 55) బల్బే సరిపోయింది, 100/90 జోలికి పోవద్దు, హోల్డర్ కరుగుతుంది. బయటి దేశం లైట్లు తెప్పించుకునే వాళ్ళు ఒకటి చూసుకోండి, అమెరికాలో కుడి పక్కన నడుపుతారు కాబట్టి అక్కడి లైట్ల డిప్ బీమ్ కుడి వైపుకి తన్నేలా ఉంటుంది, మన రోడ్ల మీద అది నేరుగా ఎదురొచ్చేవాడి కళ్ళల్లో పడుతుంది.

ఇక బాలేనివి. స్క్రూలు మామూలు ఇనుపవి వేశారు, ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి తలలు అరిగిపోతున్నాయి, నేను స్టెయిన్‌లెస్‌వి కొని మార్పించా. విప్పుకోడానికి ఇంత చేసి స్క్రూ దగ్గర పది రూపాయలు మిగుల్చుకోవడం ఏంటో. నీళ్ళు పోవడానికి గొట్టం అడుగున రంధ్రం ఎడమ వైపే పెట్టారు, కుడి వైపు అడిగి పెట్టించుకున్నా. అది లేకపోతే లోపల నీళ్ళు నిలిచి ఫెండర్ లోపలి నుంచే తినేస్తుంది. చెప్పిన టైముకి బండి ఇవ్వలేదు, ఫోన్ ఎత్తరు, వెళ్ళి కూర్చుంటేనే పని కదులుతుంది.

ఒరిజినల్ ఫెండర్లు మాత్రం కొయ్యనివ్వకండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి వీఏ నంబర్ (వింటేజ్ బండ్లకి ఇచ్చే నంబర్) కావాలంటే బాడీ షెల్‌లో మార్పులు ఉండకూడదు. నేను పాత ఫెండర్ల జత వేరే కొని వాటి మీద చేయించా, ఒరిజినల్‌వి నూనె రాసి అటక మీద పెట్టా, బోల్టులు విప్పి మళ్ళీ పెట్టేసుకోవచ్చు. ఫెండర్లు కాకుండా లేబర్, వైరింగ్, పెయింట్ అన్నీ కలిపి 34 వేలు తీసుకున్నారు. పెయింట్ వేసే ముందే ఒకసారి వెళ్ళి, మీ చేత్తో మీరే లైట్ విప్పి మళ్ళీ బిగించి చూసుకుని అప్పుడు మిగతా డబ్బులివ్వండి.