జెకర్యా దర్శనాల మీద లెక్సియో దివీనా: చాలాకాలం వాడాక

వాక్యంలోంచి దేవుని మాట వినడానికి మన సంఘాల్లో బాగా అలవాటైన దారులు రెండు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకునే వాగ్దాన కార్డు ఒకటి. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనాన్ని పట్టుకోవడం రెండోది. లెక్సియో దివీనా ఈ రెండింటికీ దూరంగా ఉండే పాత పద్ధతి. 12వ శతాబ్దంలో కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో దీన్ని నాలుగు మెట్లుగా రాసిపెట్టాడు: పఠనం, ధ్యానం, ప్రార్థన, ఆ తర్వాత దేవుని సన్నిధిలో ఊరికే ఉండటం. కతోలిక సంఘాల్లో వాడుక ఎక్కువ. ప్రొటెస్టెంటులు వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

కీర్తనలకూ సువార్తలకూ ఇది సరిపోతుందని అందరూ చెబుతారు, నిజమే. ప్రవక్తల దర్శనాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉన్నదున్నట్టు వాడితే దారి తప్పిస్తుంది. గుర్రాలు, కొమ్ములు, ఎగిరే పుస్తకం, బుట్టలో కూర్చున్న స్త్రీ... వీటి మధ్య “మనసుకు తగిలిన మాట” వెతుకుతూ కూర్చుంటే మనసు తనకు కావలసినదాన్నే తెచ్చి అక్కడ పెడుతుంది. అందుకే పఠనానికి ముందు ఒకటి, పఠనంలో ఒకటి, రెండు పనులు అదనంగా చేర్చుకోవాలి. ఆ రెండూ చేస్తే, ప్రవక్త జెకర్యా పుస్తకంలో 1 నుంచి 6 అధ్యాయాల వరకు దీన్ని మించిన పద్ధతి నాకు తగల్లేదు.

మొదటిది సందర్భం. జెకర్యా ఎనిమిది దర్శనాల తేదీ 1:7లోనే ఉంది: పారశీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో ఏడు, పదకొండో నెల, 24వ రోజు. క్రీ.పూ. 519 మొదట్లో అన్నమాట. యెరూషలేములో మందిరం తిరిగి కట్టే పని ఏళ్ల తరబడి ఆగిపోయి, 520లో మళ్ళీ మొదలై, 515లో ముగిసింది. కాబట్టి ఎజ్రా 4:24 నుంచి 6:15 వరకు, హగ్గయి రెండు అధ్యాయాలు (కలిపి 38 వచనాలే) ముందు ఒకసారి చదివేయాలి. ఎనిమిది దర్శనాలకూ కలిపి ఒక్కసారి చాలు. ఇది మానేస్తే 4:6లోని “శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే” అన్న మాట పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ అంటించుకునే స్టిక్కరైపోతుంది. అది మందిరం కట్టిస్తున్న యూదా అధికారి జెరుబ్బాబెలుకు వచ్చిన మాట. సగంలో నిలిచిన కట్టడం, పైన పరాయి ప్రభుత్వం, చుట్టూ ఫిర్యాదులు చేసేవాళ్ళు. ఆ బరువు తెలిశాకే ఆ వచనం మీద ధ్యానం నిలుస్తుంది.

రెండోది ఎవరి మాట ఎవరిదో గుర్తు పెట్టుకోవడం. బైబిల్ సొసైటీ పాత అనువాదంలో కొటేషన్ గుర్తులు ఉండవు. ప్రవక్త అడిగింది, దూత చెప్పింది, యెహోవా సెలవిచ్చింది ఒకే వరసలో సాగిపోతాయి. పెన్సిలుతో మార్జిన్‌లో ప్ర, దూ, య అని వేసుకుంటూ పోవాలి. జెల్ పెన్ను వద్దు, ఆ పల్చటి కాగితం అవతలికి దిగుతుంది. తర్వాత నోటుబుక్కులో మూడు గడులు గీయండి: కనబడింది, అడిగింది, వివరించింది. మూడో గడి ఖాళీగా మిగిలినచోట ఖాళీగానే వదలాలి. 1:8లో గొంజి చెట్లు ఉన్నాయి, వాటికి వివరణ లేదు. 6వ అధ్యాయంలో రథాలు ఏమిటో దూత చెబుతాడు, గుర్రాల రంగులకు అర్థం చెప్పడు. ఎర్ర గుర్రం ఫలానా దేశమనీ నల్ల గుర్రం ఫలానా దేశమనీ యూట్యూబులో చెప్పేవన్నీ ఈ ఖాళీ గడిలో కట్టిన ఇళ్ళే.

ఈ రెండు పనులూ ఎందుకు అవసరమో 4వ అధ్యాయం ఒక్కటి చూస్తే చాలు. బంగారు దీపస్తంభం, పైన ప్రమిదె, ఏడు దీపాలు, ఒక్కో దీపానికి ఏడేసి గొట్టాలు, రెండు పక్కలా రెండు ఒలీవ చెట్లు. 4వ వచనంలో ప్రవక్త ఇవేమిటని అడుగుతాడు. నీకు తెలియదా అని దూత ఎదురడుగుతాడు. తెలియదంటాడు. అప్పుడు వచ్చే జవాబు దీపం గురించి కాదు, జెరుబ్బాబెలు గురించి. చెట్ల సంగతి 11లో మళ్ళీ అడగాలి, 12లో ఇంకోసారి అడగాలి, 14లో గాని తేలదు. గడులు గీసినవాళ్ళకు ఈ ఆలస్యం కాగితం మీదే కనబడుతుంది. గీయనివాళ్ళు 6వ వచనం దగ్గరే ఆగి, జవాబు దొరికిందనుకుని పుస్తకం మూసేస్తారు.

సమయం విషయానికొస్తే, ఒకసారి కూర్చుంటే ఒకే దర్శనం. 4వ అధ్యాయంలాంటి 14 వచనాలు పైకి నెమ్మదిగా చదవడానికి మూడు నిమిషాలు, గడులకు పది, ఎంచుకున్న ఒక్క మాట మీద ధ్యానానికి పది, ప్రార్థనకు అయిదు, మౌనానికి అయిదు. మౌనం అంతకన్నా సాగదీస్తే మొదట్లో వచ్చేది నిద్రే. ఫోన్లో బైబిలు పనికి అడ్డం కాదు గానీ ధ్యానం మెట్టు మీద ఫోన్ పక్కన పెట్టాల్సిందే. సంఖ్యల తేడా ఒకటి గమనించుకోవాలి: నాలుగు కొమ్ముల దర్శనం మన బైబిళ్ళలో 1:18–21, హీబ్రూ లెక్క పాటించే వాటిలో 2:1–4. గుంపులో వేర్వేరు అనువాదాలు ఉంటే ఇక్కడ గందరగోళం తప్పదు.

మౌనంలో తట్టినదాన్ని ఏం చేయాలన్నది అసలు చిక్కు. దాన్ని ఒక వాక్యంగా రాసి తేదీ వేయండి. కింద రెండు ప్రశ్నలు: ఇది మూడో గడిలో ఉన్నదానికి లోబడుతోందా? నాకు నచ్చేది కాబట్టే తట్టిందా? రెండో ప్రశ్నకు యిర్మీయా 28 పక్కన పెట్టుకుని చదవాలి. బబులోనుకు పోయిన మందిరపు ఉపకరణాలు రెండేళ్లలో తిరిగొస్తాయని హనన్యా అనే ప్రవక్త చెప్పాడు. యిర్మీయా ముందు “ఆమేన్” అనే అన్నాడు, అలా జరిగితే అతనికీ ఇష్టమే. హనన్యా పట్టు విడవకపోయినా వాదం పెంచకుండా వెళ్ళిపోయాడు, హనన్యా చెప్పింది అబద్ధమన్న దేవుని మాట అతనికి తర్వాత వచ్చింది. 42:7లో అయితే జనం అడిగిన ప్రశ్నకు జవాబు పది రోజులకు గాని రాలేదు. సాయంత్రానికల్లా వీసా సంగతో సంబంధం సంగతో తేల్చేయమని ఈ పద్ధతిని అడగకండి, తేల్చదు. గోడ క్యాలెండర్లలో కనబడే యిర్మీయా 29:11కి ముందు వచనంలోనే బబులోనులో గడవాల్సిన డెబ్బై ఏళ్ల లెక్క ఉంది.

గుంపుగా చేస్తే నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా బాగుంటుంది. ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి, పక్కవాళ్ళు సరిదిద్దకూడదు. మన కూడికల్లో కష్టమంతా ఇక్కడే: పాస్టరుగారు ఉంటే ఆయన మాట ఇరవై నిమిషాల వర్తమానం అవుతుంది, మిగతావాళ్ళు ఆమేన్లు చెబుతారు. ఆయనను చదివి వినిపించే పనిలో పెట్టడం మర్యాదగా తప్పించుకునే దారి. సొంతంగా విన్నదాన్ని పెద్దల ముందు పెట్టడం మాత్రం మానకూడదు. ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని 1 కొరింథీ 14:29 చెబుతోంది.

ఎక్కడ పనిచేయదంటే, యెహెజ్కేలు 40–48లో. అక్కడ ఆరు మూరల కొలకర్రతో కొలతలే కొలతలు. వాటికి ధ్యానం కన్నా గ్రాఫ్ కాగితం మేలు. దానియేలు 11కి చరిత్ర పుస్తకం కావాలి. యెహెజ్కేలు 1ని ముక్కలు చేయకుండా ఒకే ఊపున చదవాలి, గడుల పద్ధతి దాన్ని చంపేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు జెకర్యాకు ముందు ఆమోసు 7:1–9 తీసుకోండి, తొమ్మిదే వచనాలు. మిడతలు, అగ్ని, మట్టపుగుండు. మొదటి రెండింటికీ ఆమోసు యాకోబు కోసం, అంటే ఇశ్రాయేలు జనం కోసం బతిమాలుతాడు, దేవుడు వెనక్కి తగ్గుతాడు. మూడోసారి ఆమోసు బతిమాలడు. ఆ తర్వాత జెకర్యా 3. అందులో మురికి బట్టలతో నిలబడ్డ ప్రధాన యాజకుడు యెహోషువ అధ్యాయం మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు, అతని తలమీద పాగా పెట్టమని 5వ వచనంలో అడిగేది చూస్తున్న ప్రవక్తే. అక్కడ ప్ర గుర్తు వేయడం మర్చిపోకండి.