తక్కువ ధరకు 512 జీబీ మెమొరీ కార్డు కొంటున్నవారికి హెచ్చరిక

ఫోన్‌లోకి కాపీ చేసిన ఫైళ్లు కొంతసేపు కనిపించి ఆ తరువాత మాయమవుతుంటే, ఫోన్‌ను రీసెట్ చేయించడానికి ముందు అందులోని మెమొరీ కార్డును అనుమానించండి. ముఖ్యంగా ఆ కార్డు మిగతా చోట్ల ఉన్న ధరలో నాలుగో వంతుకే దొరికినదైతే ఈ మాటను మరింత గట్టిగా పట్టించుకోవాలి.

వరంగల్‌లో ఫోన్ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, పేరున్న కంపెనీ అచ్చు ఉన్న 512 జీబీ కార్డును మా అమ్మ ఫోన్ కోసం కొన్నాను. మా ఊళ్లో సద్దుల బతుకమ్మ నాడు పెద్దవాళ్లు పాడగా తీసిన వీడియోలన్నింటినీ ల్యాప్‌టాప్ నుంచి అందులోకి వేశాను. కాపీ పూర్తయినట్టు చూపింది, ఒకటి రెండు పాటలు వినిపించాయి కూడా. మరునాటికి కొన్ని వీడియోల పేర్లు ఉన్నాయి గానీ తెరుచుకోలేదు. ఫోన్‌ను ఆపి మళ్లీ వేసేసరికి ఏకంగా కొన్ని ఫోల్డర్లే ఖాళీ అయ్యాయి. దుకాణదారు ఫోన్‌లో వైరస్ ఉందని, సాఫ్ట్‌వేర్ మార్పించుకోవాలని చెప్పారు. కార్డును పరీక్షించిన తరువాత ఆ మాట పూర్తిగా తప్పని తేలింది: దానిలో నిజంగా ఉన్న చోటు 32 జీబీకి మించి లేదు.

ఈ మోసం జరిగే తీరు తెలుసుకోవడం అవసరం. మెమొరీ కార్డులో డేటా దాచే చిప్‌తో పాటు, దాని సామర్థ్యం ఎంతో ఫోన్‌కు చెప్పే కంట్రోలర్ కూడా ఉంటుంది. ఆ కంట్రోలర్‌లోని ప్రోగ్రామును మార్చి, చిన్న కార్డు చేత పెద్ద అంకె చెప్పిస్తారు. పది బస్తాలు పట్టే గుమ్మి మీద నూట అరవై బస్తాలని రాసి అమ్మడం లాంటిది ఇది. ఫైళ్ల పేర్లు, సైజులు ఉండే పట్టిక సాధారణంగా కార్డు మొదటి భాగంలోనే ఉంటుంది కాబట్టి అవి సరిగానే కనిపిస్తాయి, లోపల మాత్రం డేటా ఉండదు. అసలు చోటు నిండిన తరువాత వచ్చిన డేటాను కొన్ని కార్డులు ఊరికే వదిలేస్తాయి. మరికొన్ని మళ్లీ మొదటికి వచ్చి పాత ఫైళ్ల మీదనే, ఒక్కోసారి ఆ పట్టిక మీదనే రాసేస్తాయి. కాపీ చేసిన వెంటనే తెరిస్తే ఆ ఫైలు కంప్యూటర్ తాత్కాలిక మెమొరీ అయిన ర్యామ్‌లో ఇంకా ఉండడం వల్ల బాగానే ఆడవచ్చు, అందువల్ల దుకాణంలో నిలబడి ఒక పాట ఆడించి చూసినంత మాత్రాన ఏమీ తేలదు.

కొత్త కార్డును ఖాళీగా ఉన్నప్పుడే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డు నిండా డేటా రాసి, తిరిగి చదివి, ఎంత సరిపోలిందో చెబుతాయి. సెకనుకు 20 ఎంబీ వేగంతో రాస్తే 512 జీబీ నిండడానికే ఏడు గంటలు పడుతుంది, చదవడానికి ఇంకొంత సమయం కావాలి. అయినా ఈ పరీక్షను మధ్యలో ఆపకండి. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, లేని చోటు ఫార్మాట్‌తో రాదు.

అయితే కనిపించని ప్రతి ఫైలుకూ కారణం మోసమే కాదు. 512 జీబీ కార్డు కొన్ని పరికరాల్లో 476 జీబీగా కనిపించడం లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే. ఫోల్డర్‌లో ‘డాట్ నోమీడియా’ అనే ఫైలు ఉంటే అందులోని ఫొటోలు గ్యాలరీలో కనిపించవు, ఫైల్ మేనేజర్‌లో ఉంటాయి. చాలాకాలం వాడిన అసలైన కార్డులో కొత్తగా వేసినవి ఫోన్‌ను ఆపి మళ్లీ వేయగానే పోయి, తీసేసినవి తిరిగి వస్తుంటే ఆ కార్డు ఆయుష్షు తీరిందని అర్థం.

కొనేటప్పుడు కంపెనీ పేరు, 512 జీబీ అన్న అంకె స్పష్టంగా రాసిన బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే కొనకండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు దాటకముందే పరీక్ష ముగించి, ఫలితం కనిపించే తెరను ఫొటో తీసి పెట్టుకోండి. విక్రేత ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు.

ఇప్పటికే ఇటువంటి కార్డు వాడుతున్నవారు వెంటనే దానిలోకి కొత్తగా ఏమీ వేయడం ఆపి, తెరుచుకుంటున్న ఫైళ్లను ముందుగా వేరేచోటికి మార్చుకోండి. అసలు చోటులో పడి పట్టిక చెడిపోవడం వల్ల కనిపించకుండా పోయినవాటిని ఫొటోరెక్ వంటి ప్రోగ్రాము కొంతవరకు వెలికి తీయగలదు. కార్డు వదిలేసిన ఫైళ్లు మాత్రం ఎప్పుడూ దాని మీద రాయబడనే లేదు కాబట్టి, డేటా రికవరీ పేరుతో వాటికి డబ్బు ఖర్చు చేయకండి. అవి మీరు కాపీ చేసిన ల్యాప్‌టాప్‌లోనో, వీడియో తీసిన వారి కెమెరాలోనో ఇంకా ఉన్నాయేమో ఈరోజే చూసుకోండి.